గాడోలినియం పాఠం: ఎంఆర్‌ఐ కాంట్రాస్ట్ మందుల చరిత్ర

ఎంఆర్‌ఐ అనగానే మీ నోట్స్‌లో ఉండేది ఒక్క లైనే: లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్, 2003 వైద్య నోబెల్. ప్రిలిమ్స్‌కు అది సరిపోవచ్చు. మెయిన్స్‌లో సైన్స్ అండ్ టెక్నాలజీకీ ఎథిక్స్‌కీ రెండింటికీ పనికొచ్చే కథ మాత్రం ఈ స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే మందుది.

నేపథ్యం

1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్‌ను గుర్తించారు. 1952లో వారికి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 1971లో డమాడియన్ ఎలుకల కణితుల్లో రిలాక్సేషన్ సమయం మామూలు కణజాలం కంటే ఎక్కువని చూపాడు. 1973లో లాటర్‌బర్ ఆ సంకేతాలతో బొమ్మ తయారుచేశాడు. మన శరీరంలోని నీటిలో ఉండే హైడ్రోజనే ఆ బొమ్మకు ఆధారం. ఎక్స్-రేలు అక్కర్లేదు.

గాడోలినియమే ఎందుకు?

చాలాసార్లు కణితి, దాని పక్క కణజాలం ఒకేలా కనిపించేవి. తేడా చూపడానికి పరమాణు సంఖ్య 64 గల అరుదైన మృత్తిక మూలకం గాడోలినియంను ఎంచుకున్నారు. దాని అయాన్‌లో 7 ఒంటరి ఎలక్ట్రాన్లు ఉంటాయి. అవి చుట్టుపక్కల నీటి హైడ్రోజన్ల రిలాక్సేషన్‌ను వేగవంతం చేస్తాయి, దాంతో ఆ భాగం వెలుగుతుంది. అయితే విడి అయాన్ విషం. అందుకే దాన్ని కీలేట్ అనే అణువులో బంధించి ఇస్తారు, మూత్రపిండాలు బయటకు పంపేస్తాయి. అలాంటి తొలి మందుకు 1988లో అనుమతి లభించింది.

డైనమిక్ ఎంఆర్‌ఐ

ఇందులో తీసేది ఒక్క బొమ్మ కాదు. మందు ఎక్కించక ముందు, ఎక్కిస్తుండగా, ఆ తర్వాత వరుసగా తీస్తారు. క్యాన్సర్ కణితి పెంచుకునే కొత్త రక్తనాళాలు లీకవుతాయి. కాబట్టి మందు అందులోకి త్వరగా చేరి, తరచుగా త్వరగానే బయటపడుతుంది. హానిలేని గడ్డలో సాధారణంగా నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. రొమ్ము, ప్రోస్టేట్, కాలేయ పరీక్షల్లో ఈ కాలరేఖే కీలకం.

మలుపు

అయోడిన్ మందులు మూత్రపిండాలకు హాని చేస్తాయన్న భయంతో, కిడ్నీ రోగులకు గాడోలినియమే సురక్షితమని వైద్యులు భావించారు. 2006లో ఆస్ట్రియా వైద్యుడు గ్రోబ్నర్ డయాలసిస్ రోగుల్లో చర్మం, కీళ్లు గట్టిపడే నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్‌కు ఈ మందుతో సంబంధాన్ని ఎత్తిచూపాడు. ఎవరికి సురక్షితమనుకున్నారో వారికే ముప్పు వచ్చింది! మూత్రపిండాలు పనిచేయనప్పుడు మందు ఒంట్లోనే ఉండిపోయి, కీలేట్ నుంచి గాడోలినియం విడిపోవడమే కారణం.

2007లో అమెరికా మందు పెట్టెలపై తీవ్ర హెచ్చరిక తప్పనిసరి చేసింది. వలయంలా బిగించి పట్టుకునే మాక్రోసైక్లిక్ మందులకు ప్రాధాన్యం పెరిగింది. 2014లో జపాన్ పరిశోధకులు పదేపదే మందు తీసుకున్నవారి మెదడులో దాని జాడలను సూచించారు. 2017లో యూరప్ అనేక లీనియర్ మందులను నిలిపివేసింది. జాగ్రత్తల తర్వాత ఆ వ్యాధి చాలా అరుదైపోయింది.

జవాబులో ఎలా వాడాలి?

అనుమతికీ ప్రమాదం బయటపడటానికీ మధ్య 18 ఏళ్లు. అంటే మందుకు అనుమతితో పని ముగియదు, ఆ తర్వాతి నిఘా కూడా అంతే ముఖ్యం. కిడ్నీ వ్యాధి పట్టి పీడిస్తున్న మన ఉద్దానం గుర్తుందా? అక్కడి రోగికి స్కాన్‌కు ముందు మూత్రపిండాల పరీక్ష ఎందుకు అవసరమో ఇప్పుడు మీరే చెప్పగలరు.

సాధన ప్రశ్న: “వైద్య సాంకేతికతలో ముందుజాగ్రత్త సూత్రం” గురించి గాడోలినియం ఉదాహరణతో 150 పదాల్లో చర్చించండి.