గణపురము – గణపసముద్రము



ఓరుగల్లు సీమలో ఘనపురమను పేరుగల యూళ్లలో రెండు ప్రసిద్ధములు. ఒకటి పొగబండి దారిమీది స్టేషన్ ఘనపురము. అది నేడు జనగామ జిల్లాలోనిది. రెండవదానిని పెద్దలు ములుగు ఘనపురమనుచుండిరి. అదియే నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని గణపురము. మొదటిదానికి రైలు పేరు తెచ్చెను, రెండవదానికి చెరువు పేరు తెచ్చెను. ఈ రెండవ గణపురమును గూర్చియు, భూపాలపల్లి పట్టణమునకు శివారువలె దాని చుట్టును పెరిగిన పరిశ్రమలను గూర్చియు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

కాకతీయ గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు రాజ్యమేలెను. ఆ కాలమున గుడియు చెరువును తోబుట్టువులవలె వెలసినవి. సమీపముననున్న పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో రామప్పగుడిని ప్రతిష్ఠించెను. 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడిన గుడి యదియే. దాని సన్నిధిని రామప్పచెరువు కలదు. గణపురమునందును అట్లే ఒకవైపు కోటగుళ్లు, మఱియొకవైపు గణపసముద్రము. రాతి ప్రాకారము నడుమ చిన్నవియు పెద్దవియు 22 గుడులు కలవు. వానిలో పెక్కింటి శిఖరములు కూలినవి, స్తంభములు ఒరగినవి. అయినను మిగిలిన సాలభంజికలను చూచినవారికి ఆనాటి శిల్పుల నేర్పు తెలియక మానదు.

గోదావరి ఈ జిల్లా యంచున పారుచున్నను, పల్లమున పారు నది నీరు మిట్టనున్న పొలములకు తనంత నెక్కదు. కావుననే పూర్వులు రెండు గుట్టల నడుమ కట్ట పోసి, వాన నీటిని నిలిపి, తూముల గుండ పొలములకు వదలి, మిగులు నీరు పోవుటకు మత్తడి నిర్మించిరి. పాకాల, రామప్ప, లక్నవరము, గణపసముద్రము ఈ యుపాయముచేతనే పుట్టినవి.

చెరువు త్రవ్వించుట యొక్కనాటి పుణ్యము. దానిని కాచుట నిత్యవ్రతము. చెరువును కట్టినవారికిని, బాగుచేసినవారికిని ఆయకట్టులో భాగమునిచ్చు దశబంధమను ఏర్పాటు పూర్వము కలదు. తూము తెరచి మూయుటకు నీరటికాడు కలడు. కట్టకు గండి పడిన నాడు గ్రామమంతయు గంపలతో మట్టి మోసెడిది. 1323లో కాకతీయ రాజ్యము కూలెను, కాని చెరువు నిలిచెను. కట్టించిన రాజు పేరు దానికి మిగిలినది. దానిని నిలిపినవారి పేర్లు ఏ శాసనమునను లేవు.

ఇక నేలబొగ్గు కథ. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ యెల్లందు ప్రాంతమున సింగరేణి గ్రామము చెంత బొగ్గును కనుగొనెను. ఆ బొగ్గును తరలించుటకై డోర్నకల్లునుండి రైలు శాఖ వేయబడెను. ఆ కూడలి నేడు మహబూబాబాదు జిల్లాలో కలదు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. గోదావరి లోయ వెంబడి ఒక్కొక్క గనియే తెరచుచు, ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున ఆ సంస్థ భూపాలపల్లి చేరెను. ఆ గనులకు కాకతీయ ఖని యని పేరిడిరి.

జనగామకును మహబూబాబాదునకును రైలు కలదు, భూపాలపల్లికి లేదు. బొగ్గును దూరమునకు మోయుటకంటె గని చెంతనే కాల్చి, విద్యుత్తును తీగలమీద పంపుట సులభము. గణపురము మండలములోని చెల్పూరున వెలసిన కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రమున కీ యాలోచనయే మూలము. దానియందు 2010లో 500 మెగావాట్ల యూనిట్టును, 2016లో 600 మెగావాట్ల యూనిట్టును ఉత్పత్తి ప్రారంభించినవి. ఇట్లు చెరువునకు గణపతి పేరు, గనికిని విద్యుత్కేంద్రమునకును ఆయన వంశము పేరు స్థిరపడినవి.

పేర్లు ఒక్కటియే గాని ఆ సంపదల స్వభావము వేరు. చెరువు నీరు వాడుకొన్నకొలది తరుగును, మరుసటి వానకు మరల నిండును. బొగ్గు అట్లు కాదు. త్రవ్విన తట్ట తిరిగి రాదు. యెల్లందులోని తొలినాటి గనులు ఎన్నడో మూతబడినవి. భూపాలపల్లి గనులకును ఒకనాడు ఆ గతి తప్పదు. బొగ్గు జీతముతో నేడు ఇల్లు కట్టి, బిడ్డలను బడికి పంపుచున్న కుటుంబములు ఆ దినమును ఇప్పుడే తలచుకొనవలయును. గనికో కేంద్రమునకో భూమి నిచ్చిన రైతు విషయము మఱింత క్లిష్టమైనది. ఇంటిలో ఒకనికి ఉద్యోగము దొరకినను ఆ ఉద్యోగము ఒక తరమునది. పోయిన భూమి పది తరములది.

పరిశ్రమ వలదని మా తాత్పర్యము కాదు. దీపము వెలుగుటకు, బావులలో మోటారు తిరుగుటకు ఆ విద్యుత్తే ఆధారము. అయితే పట్టణము పెరిగినకొలది ఇండ్ల స్థలములు చెరువు శిఖమువైపు జరుగుట లోకసహజము. కొలువున్నవాడు ఆయకట్టును మరచును. మరచిన చెరువు పూడును. 2015లో ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర తెలంగాణమంతట చెరువుల పూడిక తీయుటకు పూనుకొనెను. రైతులు ఆ మట్టిని తమ పొలములకు తోలుకొనిరి. ప్రభుత్వము పూడిక తీయగలదు గాని, ఏటేట తూమును చూచుట ఊరివారి పని.

కావున సోదరులారా, మన మహాసభకు విచ్చేసిన పోషకులకును యువకులకును మనవి యొక్కటియే. బొగ్గువలన వచ్చిన ధనమును బిడ్డల చదువునందు నిలుపుడు. చదువు తరగని గని. చెరువువలన వచ్చిన బ్రదుకును కట్టమీద నిలుపుడు. శిఖమునకు హద్దురాళ్లు పాతించుటయందును, మత్తడిని కాచుటయందును ముందు నడువుడు. విద్యుత్కేంద్రపు పొగగొట్టము చల్లారిన నాడును గణపసముద్రము నిండుగా నుండెనేని, గణపురమున పొయ్యి రాజుచునే యుండును.