రాష్ట్రపతి ఎన్నికల్లో లెక్కకు రాని పేర్లు

పోటీ పరీక్షల కోసం మన పిల్లలు చదివే జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో రాష్ట్రపతుల పట్టిక ఒకటి తప్పకుండా ఉంటుంది. రాజేంద్రప్రసాద్ నుంచి ద్రౌపది ముర్ము దాకా వరస తప్పకుండా అప్పజెప్పే పిల్లలున్నారు. వాళ్ల మీద పోటీ చేసిందెవరని అడిగితే మాత్రం చదువుకున్న పెద్దవాళ్లు కూడా తడుముకుంటారు. ఓడిపోయిన వాళ్ల పేర్లు మనకెందుకని అనుకోవచ్చు. ఆ పేర్లలో మన ఆదివాసుల పేర్లు కూడా ఉన్నాయి. అవి ఎట్లా మరుగున పడ్డాయో తెలుసుకోవడం అందుకే అవసరం.

రాష్ట్రపతిని జనం నేరుగా ఎన్నుకోరు. పార్లమెంటు రెండు సభలకూ, శాసనసభలకూ ఎన్నికైన సభ్యులు ఓటేస్తారు. ఒక్కో ఓటుకు ఒక విలువ కడతారు. 2022లో ఎంపీ ఓటు విలువ 700, మన రాష్ట్రంలో ఎమ్మెల్యే ఓటు విలువ 159. ఏ పార్టీకి ఎంత బలముందో ముందే తెలుసు కాబట్టి, పోలింగుకు చాలా ముందే పత్రికలు కూడికలు వేసి గెలిచేదెవరో చెప్పేస్తాయి. ఆ కూడికలో లేని మనిషికి వార్తలో కూడా చోటు దొరకదు.

మొదట్లో పోటీకి దిగడం తేలిక. 1967లో 17 మంది నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, కోకా సుబ్బారావుకు 3,63,971 విలువైన ఓట్లు వచ్చాయి. సుబ్బారావు మన గుంటూరుకు కొత్తవాడు కాదు. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైనప్పుడు ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున పోటీకి దిగాడు కాబట్టి ఆయన పేరు దేశమంతా వినపడింది. మిగిలిన 15 మందిలో 9 మందికి ఒక్క ఓటు కూడా పడలేదు.

1969లో 15 మంది పోటీ చేశారు. వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, సి.డి. దేశ్‌ముఖ్ పేర్లు మాత్రమే చరిత్రలో మిగిలాయి. అంబేద్కర్‌తో కలిసి షెడ్యూల్డ్ కులాల సమాఖ్యలో పనిచేసిన పి.ఎన్. రాజభోజ్ కూడా ఆ ఎన్నికలో ఉన్నాడని ఎంతమందికి తెలుసు? ఆయనకు వచ్చిన ఓట్ల విలువ 831.

ఊరికే నిలబడే వాళ్లు ఎక్కువైపోయారని 1974లో చట్టం మార్చారు. 10 మంది ఓటర్లు ప్రతిపాదించాలి, ఇంకో 10 మంది బలపరచాలి, 2,500 రూపాయల డిపాజిట్ కట్టాలి అన్నారు. 1977లో 37 మంది నామినేషన్ వేస్తే 36 మందివి చెల్లలేదు. సంజీవరెడ్డి పోటీ లేకుండా గెలిచాడు. 1997లో ఆ సంఖ్యలను 50కి, 50కి పెంచారు, డిపాజిట్ 15,000 చేశారు. 2022లో 115 నామినేషన్ పత్రాలు పడితే చివరికి బరిలో మిగిలింది ఇద్దరే.

అందరికీ సమానంగా చోటివ్వడం ఏ పత్రికకూ కుదరదు. ధర్తీపకడ్‌గా పేరుపడ్డ కాకా జోగిందర్ సింగ్ అన్ని రకాల ఎన్నికలూ కలిపి 300 దాకా పోటీ చేశాడు. 1992 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు 1,135 విలువైన ఓట్లు వచ్చాయి. ఆయన గురించి నాలుగు ముక్కలు రాస్తే చాలని ఒక విలేకరి అనుకుంటే తప్పు పట్టలేం. మరి అదే ఎన్నికలో మూడో వంతు ఓట్లు తెచ్చుకున్న మనిషి సంగతేమిటి?

ఆయన జి.జి. స్వెల్. మేఘాలయకు చెందిన ఖాసీ ఆదివాసీ. 1969 నుంచి 1977 దాకా లోక్‌సభ డిప్యూటీ స్పీకర్. 1992లో బీజేపీ, నేషనల్ ఫ్రంట్ మద్దతుతో శంకర్‌దయాళ్ శర్మ మీద నిలబడ్డాడు. శర్మకు 6,75,864, స్వెల్‌కు 3,46,485 వచ్చాయి. పెద్ద పార్టీల మద్దతుతో రాష్ట్రపతి పదవికి పోటీ చేసిన తొలి ఆదివాసీ ఆయనే. ఆ సంగతి మన ఆదివాసీ సంఘాల మీటింగుల్లో కూడా వినపడదు.

ఇరవై ఏళ్ల తర్వాత 2012లో అదే మేఘాలయ నుంచి గారో ఆదివాసీ పి.ఎ. సంగ్మా నిలబడ్డాడు. ఈ దేశానికి ఒక ఆదివాసీ రాష్ట్రపతి ఎందుకు కాకూడదని ఆయన బహిరంగంగానే అడిగాడు. అందుకోసం తన పార్టీ ఎన్‌సీపీని వదులుకున్నాడు. అప్పటికే ఆయన లోక్‌సభ స్పీకర్‌గా చేసిన మనిషి. 3,15,987 వచ్చాయి, ఓడిపోయాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం, టీఆర్ఎస్ అసలు ఓటింగులోనే పాల్గొనలేదు. సంగ్మా అడిగిన ప్రశ్న ఆయన ఓటమితోపాటే పక్కకు పోయింది.

2022లో అదే ప్రశ్నకు జవాబు దొరికింది. అధికార కూటమి ఒడిశా సంతాలీ మహిళ ద్రౌపది ముర్మును నిలబెట్టింది. గెలుపు ఖాయం కాబట్టి కెమెరాలన్నీ ఆమె వైపే తిరిగాయి. జూలైలో ఆమె మంగళగిరి వచ్చి వైఎస్సార్‌సీపీ ప్రజాప్రతినిధులను కలిసింది. అదే రోజు విజయవాడలో తెలుగుదేశం వాళ్లనూ కలిసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఎదురు అభ్యర్థి యశ్వంత్ సిన్హాకు ఒక్క ఓటూ పడలేదు. పదేళ్ల కిందట ఆదివాసీ అభ్యర్థి దగ్గర ఆగిపోయిన ఓట్లు ఈసారి ఆగలేదు.

ఆ రోజుల్లో మనం ఎక్కువగా చూసిన బొమ్మ ఆమె గుడిలో చీపురుతో ఊడుస్తున్నది. జార్ఖండ్ గవర్నర్‌గా ఆమె చేసిన పని చాలామందికి చేరలేదు. ఆదివాసీ భూములకు రక్షణగా ఉన్న ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాలకు ఆ రాష్ట్ర ప్రభుత్వం సవరణలు తెస్తే, 2017లో ఆమె వాటిని తిప్పి పంపింది. మన భూముల కోసం కొట్లాడే వాళ్లకు చీపురు బొమ్మ కంటే ఆ కాగితం ముఖ్యం.

వార్త ఎంత పని చేస్తుందో కూడా అప్పుడే తెలిసింది. ఆమె సొంతూరు ఉపర్‌బేడలో ఒక పేటకు అప్పటిదాకా కరెంటు లేదు. అభ్యర్థిగా పేరు ప్రకటించాక అధికారులు హడావిడిగా స్తంభాలు పాతారు. వార్త అంటే గొప్ప కోసం కాదు. అది పడ్డ చోటికి తీగ వస్తుంది, రోడ్డు వస్తుంది.

గెలిచే వాళ్లనే జనం గుర్తుపెట్టుకుంటారు, పత్రికలు అదే రాస్తాయి అని ఒక మాట ఉంది. ఆ మాట నిజమైతే మనకు దిప్పల సూరిదొర పేరు తెలిసుండాలి. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానం నుంచి ఇద్దరు ఎంపీలు ఎన్నికయ్యే పద్ధతి ఉండేది. ఒకటి ఎస్టీ సీటు, ఒకటి జనరల్ సీటు. అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసిన వి.వి. గిరి అక్కడ నిలబడ్డాడు. ఇద్దరు ఆదివాసులకు ఆయన కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఒకరు రిజర్వుడు సీటుకూ, సూరిదొర జనరల్ సీటుకూ ఎన్నికయ్యారు. ఎస్టీకి జనరల్ సీటు ఎట్లా ఇస్తారని గిరి కోర్టుకు వెళ్లాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1959లో కోర్టు సూరిదొర గెలుపు చెల్లుతుందని తీర్పు చెప్పింది. జనరల్ సీటు అందరిదీ, ఆదివాసీకి రిజర్వుడు సీటుతోపాటు దాని మీద కూడా హక్కుంది అని దాని సారం.

ఓడిన గిరి గవర్నరయ్యాడు, ఉపరాష్ట్రపతి అయ్యాడు, 1969లో రాష్ట్రపతి అయ్యాడు. గెలిచిన సూరిదొర పేరు న్యాయశాస్త్రం పుస్తకాల్లో మాత్రం మిగిలింది. ఇక్కడ గెలుపూ ఓటమీ లెక్కకు రాలేదు. ఎవరు ఏ ఇంట్లో పుట్టారన్నది లెక్కకొచ్చింది.

మన మైదానానికి ఈ కథతో సంబంధముంది. పాత గుంటూరు జిల్లాలో 17, ప్రకాశంలో 12 అసెంబ్లీ సీట్లు. ఆ 29లో ఒక్కటీ ఎస్టీ సీటు కాదు. రాష్ట్రంలో ఉన్న 7 ఎస్టీ సీట్లూ ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీ ప్రాంతాల్లోనే ఉన్నాయి. 2011 లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాల్లో మనం, అంటే యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీలు, చెంచులు, 4 లక్షలకు దగ్గరగా ఉన్నాం. పత్తి తీతకు, మిరప కోతకు అందరికీ కనపడే మనం రాష్ట్రపతి ఎన్నిక కూడికలో ఎక్కడా కనపడం. పత్రికల్లో కనపడ్డా ఎట్లా కనపడ్డామో స్టూవర్టుపురం పేరు చుట్టూ వచ్చిన వార్తలూ సినిమాలూ చెబుతాయి. నేరస్థ జాతుల చట్టం 1952లోనే రద్దయింది. ఆ ముద్ర మాత్రం అచ్చులో ఇంకా చెరగలేదు.

ఎవరో మన గురించి రాస్తారని కూర్చుంటే ఇంకో ఇరవై ఏళ్లు పోతాయి. ఊళ్లో మొదట వార్డు మెంబరుగా నిలబడ్డ మనిషి, డిపాజిట్ పోయినా మళ్లీ నామినేషన్ వేసిన మనిషి, ఎంపీటీసీగా పదిమంది ముందు నోరు విప్పిన మన ఆడకూతురు, వీళ్ల పేర్లు, ఏ సంవత్సరం, ఎన్ని ఓట్లు వచ్చాయి, ఏం అడిగారు అన్నవి మనమే రాసిపెట్టాలి. ఓట్ల సంఖ్య చిన్నదైనా సరే, అడిగిన ప్రశ్న పోకూడదు. స్వెల్ పేరూ సంగ్మా పేరూ తెలిసిన పిల్లలకు ఆ పదవి 2022లో ఎవరో దయతో ఇచ్చింది కాదని, మూడుసార్లు తలుపు తడితే తెరుచుకుందని అర్థమవుతుంది. సూరిదొర పేరు తెలిసిన పిల్లలకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఈ మైదానంలో ఎస్టీ సీటు లేకపోయినా జనరల్ సీటు ఉంది. దానికి మనం నిలబడొచ్చు, గెలిస్తే ఆ గెలుపు చెల్లుతుంది.