మా గ్రీన్ కార్డు కథ

గ్రీన్ కార్డనగానే మనవాళ్ళకి అమెరికా గుర్తొస్తుంది. ఇక్కడ ఆస్ట్రేలియాలో నా పర్సులో ఉన్నదీ ఆకుపచ్చదే, కాకపోతే మెడికేర్ కార్డు. ఉద్యోగం మానేసి సొంత కన్సల్టింగ్ పెడతానంటే డాలస్‌లో ఉన్న మా ఎమ్మెస్ క్లాస్‌మేట్ మొదట అడిగింది, "మరి ఇన్సూరెన్సో? పిల్లలున్నారు కదరా!" అని. నాకసలు ఆ ఆలోచనే రాలేదు. ఎందుకు రాలేదా అని తవ్వితే ఇదంతా బయటపడింది.

1960ల్లో ఇక్కడ ఇన్సూరెన్స్ ఎవరికి వారు కొనుక్కోవాల్సిందే. ప్రీమియం గుమాస్తాకీ కోటీశ్వరుడికీ ఒకటే. పైగా టాక్స్ మినహాయింపు వల్ల ఎక్కువ సంపాదించేవాడికే ఎక్కువ మిగిలేది! స్కాటన్, డీబుల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని తిరగేసి, ఆదాయాన్ని బట్టి కట్టే స్కీము ఒకటి రాశారు. విట్లమ్ ప్రభుత్వం బిల్లు పెడితే డాక్టర్ల సంఘం ఒంటికాలి మీద లేచింది, సెనేట్ తిప్పికొట్టింది. చివరికి 1974లో రెండు సభలూ రద్దు చేసి, ఎన్నికలు పెట్టి, ఆగస్టులో ఉమ్మడి సమావేశంలో నెగ్గించుకున్నారు. ఈ దేశ చరిత్రలో అలాంటి సమావేశం అదొక్కటే. 1975 జూలై 1న మెడిబ్యాంక్ మొదలైంది, నవంబర్లో ప్రభుత్వమే పోయింది. తర్వాతొచ్చిన ఫ్రేజర్ ప్రభుత్వం దాన్ని చెక్కీ చెక్కీ 1981కల్లా ఎత్తేసింది. 1984 ఫిబ్రవరి 1న హాక్ ప్రభుత్వం మెడికేర్ పేరుతో మళ్ళీ తెచ్చింది. లెవీ అప్పుడు ఒక శాతం, 2014 నుంచి రెండు.

అసలు కిటుకు ఇక్కడుంది. ఈ లెవీ పడేది మనిషి ఆదాయం మీద, కంపెనీ మీద కాదు. మా వీధిలో ఇండియన్ కొట్టు నడిపే అన్న ఇద్దరు పనివాళ్ళకి జీతం, సూపర్ ఇవ్వాలి, పనిలో దెబ్బ తగిలితే అన్న ఇన్సూరెన్స్ చూసుకుంటుంది. వాళ్ళకి జ్వరమొస్తే మాత్రం అన్నకి ఖర్చు సిక్ లీవు వరకే. అమెరికాలో యుద్ధకాలంలో, 1942లో, జీతాలు పెంచకుండా కట్టడి చేస్తే, కంపెనీలు ఇన్సూరెన్స్ ఎరవేసి మనుషుల్ని పట్టాయి. ఆ ముడి ఇంకా వీడలేదు. 2010 చట్టం కూడా ఆ ముడికే యాభైమంది ఫుల్‌టైమ్ ఉద్యోగుల లెక్క తగిలించింది.

ఇక్కడంతా స్వర్గమనుకునేరు! బల్క్ బిల్లింగ్ లేని క్లినిక్కయితే చేతి డబ్బు పడుతుంది. పన్ను కడితే వచ్చే మెడికేర్, పెద్దవాళ్ళ పన్ను నొప్పికి రాదు. సొంత పని పెట్టుకున్నాక నాకు సిక్ లీవూ లేదు.

ఇంకోటి, తాత్కాలిక వర్క్ వీసా మీదొచ్చిన మనవాళ్ళకి ఈ కార్డు రాదు. 457 వీసా రోజుల్లో ఆసుపత్రి ఖర్చుకి స్పాన్సరే పూచీ. 2009 సెప్టెంబర్లో ఆ బరువు వీసాదారుడి మీదకి మార్చారు.

మొన్న నా మొదటి ఉద్యోగి కోసం ఇంటర్వ్యూలు చేశాను. నచ్చిన కుర్రాడిది విజయవాడ, వర్క్ వీసా మీదున్నాడు. జీతం సంగతి తర్వాత అడిగాడు. ముందు అడిగింది, "ఇన్సూరెన్స్ మీరు కడతారా అన్నా?" అని.