రవివర్మ బొమ్మ, కోనసీమ ప్రభ

రాజా రవివర్మ గీసిన సంగీతకారిణుల బొమ్మ మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉంది. వేర్వేరు ప్రాంతాల కట్టుబొట్లతో పదకొండుమంది స్త్రీలు గుంపుగా చేరారు. చూస్తే అచ్చం గ్రూప్‌ ఫొటోయే! అందుకే కాబోలు, ఆయన బొమ్మలు కెమెరాకు ఇట్టే లొంగుతాయి.

1894లో బొంబాయిలో ఆయన పెట్టిన ప్రెస్సు దేవుళ్ల పటాలను సామాన్యుల గోడలకు చేర్చింది. శతాబ్దం దాటాక బొమ్మలు మళ్లీ మనుషులయ్యాయి. నటి సుహాసిని ‘నామ్‌’ ట్రస్టు కోసం ఫొటోగ్రాఫర్‌ జి. వెంకట్‌రామ్‌ 2020 క్యాలెండర్‌లో రవివర్మ చిత్రాలను తారలతో తిరిగి తీశారు. రమ్యకృష్ణ, సమంత, మంచు లక్ష్మి అందులో ఉన్నారు. చీర మడత, నగ, వెలుగు పడే వైపు, అన్నీ చిత్రాన్ని చూసి కుదిర్చినవే.

దేవుడి రూపాన్ని మనుషులే నిలబెట్టే ఇలాంటి ముచ్చట కోనసీమకు కొత్త కాదు, కాకపోతే ఇక్కడ తారలుండరు. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి మోసే ఎత్తైన అలంకార చట్రాలు, చేరతాయి. గంగలకుర్రు అగ్రహారం ప్రభను భుజాలమీద మోస్తూ కౌశిక ఏరు దాటిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్‌ శకటం ఆ ప్రభల తీర్థాన్నే ఢిల్లీ కర్తవ్యపథ్‌లో నిలబెట్టింది. బాగానే ఉంది కానీ, శకటంమీద కౌశిక నీళ్లు ఎక్కడివి?

ఈసారి కనుమకు ఫోన్‌ పట్టుకుని వెళ్లేవారు ప్రభ శిఖరాన్ని ఒక్కదాన్నే తీయకండి. కింద మోసేవాళ్ల ముఖాలు కూడా పడేలా తీయండి.