ఫైబర్ పోస్టు

ఫైబర్ పోస్టు అనగా, రూట్ కెనాల్ చికిత్స జరిగి పైభాగం చాలావరకు పోయిన పంటికి పునర్నిర్మాణంలో ఆధారంగా వేరులో అమర్చే సన్నని కడ్డీ. 1990లో ఫ్రాన్సుకు చెందిన దురే, సహచరులు కార్బన్ నారల పోస్టును ప్రతిపాదించారు. తరువాత పంటి రంగుకు నప్పే గాజు, క్వార్ట్జ్ నారల పోస్టులు వచ్చాయి. లోహపు పోస్టుకన్నా వీటి వంగే గుణం డెంటిన్‌కు దగ్గరగా ఉండటం వలన వేరు చీలే ప్రమాదం తక్కువ. అయితే బంధం వీడి పోస్టు ఊడిపోవటం వీటి ప్రధాన లోపం.

ఉపరితల సంస్కరణ

పోస్టులోని నారలను పట్టి ఉంచే ఎపాక్సీ, పూర్తిగా గట్టిపడినది కావటం వలన రెసిన్ సిమెంటుతో రసాయనికంగా కలవదు. అందువలన హైడ్రోజన్ పెరాక్సైడుతో పైపొరను కరిగించి గాజు నారలను బయల్పరచి, పిమ్మట సిలేన్ పూస్తారు. సిలేన్ అణువు ఒక కొన గాజుతోను, మరొక కొన రెసిన్‌తోను బంధం ఏర్పరుస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజు నారలనే దెబ్బతీస్తుంది కాబట్టి దానిని సాధారణంగా సిఫారసు చేయరు.

వేరులో అతికించుట

నాళంలో యూజెనాల్ అవశేషాలు మిగిలితే రెసిన్ సిమెంటు సరిగా గట్టిపడదు. కనుక పోస్టుతోపాటు నాళపు గోడలను కూడా శుభ్రపరచటం అవసరం.