ఇత్తడి గుల్ల

డల్లాస్ దగ్గర ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఒక పాత త్రీనాట్‌త్రీ కొన్నాడు. లీ-ఎన్‌ఫీల్డ్. మన సినిమాల్లో పోలీసు కానిస్టేబుల్ భుజాన వేలాడే చెక్క తుపాకీ. దానికి కొత్త తూటాలు ఖరీదని, పేల్చిన వాటినే గరాజ్‌లో కూర్చుని మళ్లీ నింపుకుంటాడు. అక్కడ అది మామూలు హాబీ. "తమ్ముడూ, కేస్ ట్రిమ్మర్ ఏది తీసుకోమంటావు రా?" అని నన్నడిగాడు. రాజోలులో పుట్టి, జీవితంలో తుపాకీ ముట్టుకోనివాణ్ణి నన్నెందుకు అడిగాడంటే, ఏ వస్తువైనా కొనేముందు నేను స్ప్రెడ్‌షీట్ వేస్తానని మా ఇంట్లో పేరు. వేశాను. వేస్తూ వేస్తూ రంప కొండల్లోకి వెళ్లిపోయాను.

ముందు పనిముట్టు సంగతి. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ (ప్రైమర్), లోపల మందు, మూతి దగ్గర గుండు. పేల్చాక మూడు పోతాయి. మిగిలేది గుల్ల. తయారీకి ఎక్కువ శ్రమ అడిగేది కూడా అదే కాబట్టి, దాన్ని మళ్లీ వాడుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కేమిటంటే, పేలుడు వేడికి, ఒత్తిడికి ఇత్తడి సాగుతుంది. ఉబ్బినదాన్ని అచ్చులో నొక్కి మళ్లీ సన్నగా చేస్తే ఆ లోహం మెడవైపు పొడుగ్గా జరుగుతుంది. త్రీనాట్‌త్రీ గుల్ల పొడవు 56.44 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే మూతి వెళ్లి గొట్టం మొదట్లో ఇరుక్కుంటుంది, గుండు సులువుగా వదలదు, లోపలి ఒత్తిడి ఎక్కడికో పోతుంది. ఆ అదనపు వెంట్రుకవాసిని కోసి పారేసేదే కేస్ ట్రిమ్మర్. అందులోనూ బురదలో, ఇసుకలో ఇరుక్కోకుండా పనిచెయ్యాలని సైన్యం తుపాకులకు లోపలి గది కాస్త వదులుగానే పెట్టారు. అందుకని త్రీనాట్‌త్రీ గుల్లలు మరీ సాగుతాయి.

ట్రిమ్మర్లలో చిన్న లేత్‌లా చేత్తో తిప్పేవి ఉన్నాయి, మోటారువి ఉన్నాయి. అన్నిటికన్నా చవకైనది లీ కంపెనీది. ఒక కట్టర్, దాని కొసన ఒక సన్నటి పుల్ల. పుల్ల గుల్ల లోపల్నుంచి అడుగున ఉన్న నిప్పు రంధ్రం గుండా దూరి కింద బిళ్లకు తగులుతుంది. తగిలిందంటే అంతకుమించి కోయదు. కొలత ఆ పుల్ల పొడవులోనే ఉంది, తప్పుగా సెట్ చేసే అవకాశమే లేదు. ఇంజనీరుగా నాకు తెగ నచ్చింది. మావాడికి మాత్రం పనికిరాలేదు. వాడి దగ్గరున్న గుల్లల్లో సగం పాత సైన్యం సరుకు. వాటి అడుగున నడిమధ్య రంధ్రం ఉండదు, పక్కలకు రెండు చిన్న రంధ్రాలుంటాయి. పుల్ల దూరదు.

ఈ తేడాకి ఒక చరిత్ర ఉంది, కొంచెం తమాషా అయినది. నడిమధ్య ఒకే రంధ్రం ఉండే పద్ధతి ఎడ్వర్డ్ బాక్సర్ అనే ఇంగ్లీషువాడిది. వూల్విచ్ రాయల్ లేబరేటరీకి అధిపతి. రెండు రంధ్రాల పద్ధతి హైరమ్ బెర్డన్ అనే అమెరికన్‌ది. రెండూ 1860ల నాటివే. బాక్సర్ గుల్లలో పాత టోపీని ఒక సూదితో లోపల్నుంచి పొడిచి తీసెయ్యొచ్చు, బెర్డన్ గుల్లలో అలా కుదరదు. చివరికి ఏమైందంటే, ఇంగ్లీషువాడి పద్ధతిని అమెరికా తీసుకుంది, అమెరికావాడి పద్ధతిని బ్రిటిష్ సైన్యం త్రీనాట్‌త్రీకి తీసుకుంది. అమెరికాలో సరిహద్దు కోటల్లో సిపాయిలే తూటాలు నింపుకునేవారు. ఇళ్లలో వాడే నింపుడు సరంజామా అమ్మడానికి 1884లోనే న్యూహేవెన్‌లో ఐడియల్ అనే కంపెనీ పుట్టింది. బ్రిటిష్‌వాళ్లకు ఆ అవసరం లేదు. ఒకసారి పేల్చినదాన్ని మళ్లీ ఎవరూ నింపలేకపోతే వాళ్లకు నష్టమూ లేదు. ఇండియాలో అయితే లాభం కూడా.

ఆ లాభం ఎంతటిదో తెలియాలంటే గోదావరికి ఎగువకు వెళ్లాలి. మా సఖినేటిపల్లి రేవు దాటితే నర్సాపురం. అక్కడి టేలర్ హైస్కూల్లో కొంతకాలం చదువుకున్న అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. ఈ మూడు రోజులూ మనందరికీ తెలుసు. తీసుకున్నవాటి జాబితా స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టడం కూడా తెలుసు. ఆ జాబితా మొత్తం కూడితే 26 తుపాకులు, 2500కు పైచిలుకు తూటాలు. మన కథల్లో, సినిమాల్లో 26 అన్న అంకె మోగుతుంది. నా కన్ను రెండో అంకె దగ్గర ఆగిపోయింది. భాగిస్తే తుపాకీకి వంద తూటాలు కూడా రావు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక్క బ్రిటిష్ సిపాయి తన నడుం పట్టీల్లో మోసుకెళ్లినవి 150. అంటే ప్రెసిడెన్సీ ప్రభుత్వం మీద యుద్ధం ప్రకటించిన దళంలో ఒక్కో తుపాకీకి ఉన్న తిండి, ఒక మామూలు సిపాయి ఒంటిమీద ఉండేదానికన్నా తక్కువ. తిరిగి నింపుకునే దారి లేదు. గురి చూడ్డం నేర్చుకోవడానికి కాల్చిన ప్రతి తూటా యుద్ధం లోంచి తీసేసినదే.

సరిగ్గా 43 ఏళ్ల ముందు ఇదే కొండల్లో ఇలా లేదు. 1879 మార్చిలో మొదలైన రంప పితూరీలో కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్యల మనుషుల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి జామగీ తుపాకులు. పోలీసుల దగ్గర లాక్కున్నవీ కొన్ని ఉన్నాయనుకోండి. జామగీ తుపాకీకి గుల్ల అక్కర్లేదు, టోపీ అక్కర్లేదు. మందు, సీసం గుండు, రాజుకునే తాడు చాలు. మా కోనసీమలో దీపావళికి కుమ్మరి దగ్గర చిచ్చుబుడ్లు తెచ్చుకుని ఇంట్లో మందు కూరినట్టే. వస్తువు మొరటుది. కానీ దాన్ని నింపే విద్య ఊళ్లోనే ఉంది. 1922 నాటి పోలీసు తుపాకీ దానికన్నా ఎన్నో రెట్లు మెరుగైనది. దాన్ని నింపే విద్య మాత్రం ఊరు దాటి, జిల్లా దాటి, పుణె దగ్గర కిర్కీ ఫ్యాక్టరీకో డమ్‌డమ్‌కో వెళ్లిపోయింది. మన ప్రింటర్లు చూడండి. యంత్రం చవగ్గా ఇచ్చేస్తాడు, కార్ట్రిడ్జ్ దగ్గర పట్టుకుంటాడు. అమలాపురంలో దాన్నీ సిరంజితో నింపి ఇచ్చే కుర్రాళ్లున్నారు, అది వేరే విషయం.

త్రీనాట్‌త్రీ మరీ అన్యాయం. అందులో మందు పొడి కాదు, కార్డైట్ అనే సేమియా లాంటి పుల్లల కట్ట. ఫ్యాక్టరీలో గుల్లకు మెడ నొక్కకముందే కట్టను లోపల పెట్టి, తర్వాత మెడ సన్నం చేసేవారు. ఒకసారి మెడ పడ్డాక ఆ కట్ట మళ్లీ లోపలికి దూరదు. ఆ కార్డైట్ తయారయ్యే అరవంకాడు, నీలగిరుల్లో, రంప ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది.

చట్టం రాసినవాడికి ఇదంతా తెలుసు. లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం గురించి చెప్పేటప్పుడు, తుపాకీకి లైసెన్స్ పెట్టిన చట్టమని చెప్పి వదిలేస్తాం. నిర్వచనాల సెక్షన్ చదవండి. విల్లంబుల్ని ఆయుధాల్లో కలిపాడు. కొండవాడి మాట ప్రస్తుతానికి పక్కన పెడదాం. మందుగుండులో నిప్పు టోపీలు కలిపాడు, తూటా విడిభాగాలన్నీ కలిపాడు, తూటాలు చేసే యంత్రాలన్నీ కలిపాడు. ఆ వెంటనే సీసం, గంధకం, సురేకారం ఇందులోకి రావని మినహాయించాడు. పాతకాలపు తుపాకీకి కావలసిన సరుకు వదిలేసి, కొత్త తుపాకీకి కావలసిన పనిముట్టును పట్టుకున్నాడు. నాకైతే ఇది ఆ చట్టంలో అన్నిటికన్నా తెలివైన వాక్యం. దుర్మార్గమైనదీ అదే.

ఈ లెక్క తప్పిన చోటు ఒకటుంది, వాయవ్య సరిహద్దు. కోహాట్ కనుమలో ఆఫ్రిదీలు 19వ శతాబ్దం చివరికే బ్రిటిష్ రైఫిళ్లకు నకళ్లు చెయ్యడం మొదలుపెట్టారు. దొరికిన ఖాళీ గుల్లల్ని తిరిగి నింపేవారు. అందుకే అక్కడ కాల్పులయ్యాక గుల్లలేరుకుని లెక్క అప్పజెప్పడం సైన్యానికి డ్యూటీలో భాగమైంది. నేలమీద పడిన ఇత్తడి కూడా శత్రువుకి ఆయుధమే. రంపలో ధైర్యం తక్కువై కాదు, ఆఫ్రిదీల వెనక ఉన్నవి రంపలో లేవు. తరాల కమ్మరి బజారు, బ్రిటిష్ పోలీసు అడుగు పెట్టని నేల, ఆయుధాల వ్యాపారం. కోయ, కొండదొర, బగత ఊళ్లలో కొలిమి ఉంది కానీ అది నాగలి కర్రు, గొడ్డలి చేసే కొలిమి. ఇత్తడిని వెంట్రుకవాసి కొలతకు కోసేది కాదు.

ఇలా చూస్తే తర్వాతి రెండేళ్లు ఇంకోలా కనిపిస్తాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు చనిపోయారు. తూటా వృథా కాని యుద్ధం అది. దారి ఇరుకు, దూరం తక్కువ, ఎదుటివాడు తిరిగి కాల్చే లోపల అడవిలో కలిసిపోవడం. అక్టోబరు 15న అడ్డతీగల స్టేషన్ మీదికి వెళితే తుపాకులూ తూటాలూ ముందే మరోచోటికి చేర్చేశారు. ముందుగా కబురు పెట్టి వెళ్లడం గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. తూటాల లెక్కలో దాని ఖరీదు చాలా ఎక్కువ. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మలబారు స్పెషల్ పోలీసులతో ఎదురుపడి నిలబడాల్సి వచ్చింది. తూటాలున్నవాడు గెలిచే తరహా యుద్ధం అది, వాళ్లే గెలిచారు. ఆ తర్వాత నెలల తరబడి దళం జాడ లేదు. 1923 ఏప్రిల్లో అన్నవరం స్టేషన్‌కి వచ్చేసరికి అక్కడా ఆయుధాల్లేవు. ఏజెన్సీ చుట్టుపక్కల స్టేషన్లలో ఆయుధాలు ఉంచకపోవడమే ప్రభుత్వం నేర్చుకున్న పాఠం. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగాయి. మే 7న కొయ్యూరు.

1878 చట్టం పోయి 1959లో మన చట్టం వచ్చింది. విల్లంబుల పేరు తీసేశారు. తూటా విడిభాగాలు, తూటాలు చేసే యంత్రాలు మాత్రం మందుగుండు నిర్వచనంలో అలాగే ఉన్నాయి.