ప్రోగ్రాముకు లొంగిన యంత్రం

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ సిస్టమ్/360 కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. అప్పుడు దానికి ప్రత్యర్థుల కంటే ఎక్కువ బెంగ పెట్టినవి తన సొంత పాత యంత్రాలే. 1959లో ప్రకటించిన 1401 అనే చిన్న కంప్యూటరు అప్పటికే వేల సంఖ్యలో బ్యాంకుల్లో, బీమా కార్యాలయాల్లో, ఫ్యాక్టరీల్లో పాతుకుపోయి ఉంది. జీతాల పట్టీలు, ఖాతాలు, బిల్లులు దాని మీదే నడిచేవి. 1401 అంకెలను దశాంశ పద్ధతిలో, ఒక్కో అక్షరంగా చదివే యంత్రం. 360 ఎనిమిది బిట్ల బైట్లతో, ద్వియాంశ పద్ధతిలో లెక్కలు కట్టే యంత్రం. రెండింటికీ ఏ పొత్తూ లేదు. దానికి తోడు 1963 డిసెంబరులో హనీవెల్ కంపెనీ తన 200 యంత్రాన్ని ప్రకటించి, 1401 ప్రోగ్రాములను దానికి మార్చిపెట్టే 'లిబరేటర్' అనే సాఫ్ట్‌వేర్‌ను జతచేసింది. ఎలాగూ ప్రోగ్రాములు తిరగరాయక తప్పదంటే కొనుగోలుదారు ఐబీఎంనే పట్టుకుని ఎందుకు ఉండాలి? ఐబీఎం ఇంజనీర్లు దీనికి ఇచ్చిన జవాబు 360 లోపలి మైక్రోకోడ్‌లో ఉంది. ఆ కోడ్ సాయంతో కొత్త యంత్రం పాత యంత్రంలా ప్రవర్తించేది. తొలివిడత 360లలో చిన్నదైన మోడల్ 30 కూడా 1401 ప్రోగ్రాములను అసలు 1401 కన్నా వేగంగా నడిపింది. కొత్త యంత్రం కొన్న చాలా సంస్థలు దాన్ని ఏళ్ల తరబడి పాత యంత్రంగానే వాడుకున్నాయి.

ఎమ్యులేషన్, సిమ్యులేషన్, వర్చువలైజేషన్ల చరిత్రను సాధారణంగా పొదుపు కథగా చెబుతారు. యంత్రాలు ఖరీదు కాబట్టి ఒకదాన్ని పదిమందికి పంచారు, సర్వర్లు ఖాళీగా పడి ఉన్నాయి కాబట్టి పదింటిని ఒకదానిలో ఇరికించారు అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆరు దశాబ్దాల మలుపులను వరసగా చూస్తే ప్రతి మలుపు దగ్గరా వెనక నుంచి తోసింది వేరొకటని తెలుస్తుంది. ఒకసారి రాసి, నమ్మకం కుదిరిన ప్రోగ్రామును ఎవరూ తిరగరాయడానికి ఇష్టపడరు. చాలాసార్లు ఇష్టపడినా కుదరదు: రాసినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు, మూల ప్రతి కనబడదు, లేదా అది మరో కంపెనీ గుప్పిట్లో ఉంటుంది. అందుకే ప్రతిసారీ లొంగవలసి వచ్చింది యంత్రమే. పొదుపు ఆ లొంగుబాటుకు దొరికిన సమర్థన మాత్రమే.

మూడింటికీ తేడా ఎక్కడుందంటే, అనుకరణలో ఏది చెక్కుచెదరకుండా ఉండాలన్న దగ్గర. సిమ్యులేషన్‌లో ఒక ప్రశ్నకు జవాబు సరిగ్గా వస్తే చాలు, అసలు వస్తువు లోపలి వివరాలు వదిలేయవచ్చు. ఎమ్యులేషన్‌లో ప్రోగ్రాము మోసపోవాలి. తాను వేరే యంత్రం మీద ఉన్నానన్న అనుమానం దానికి రాకూడదు. వర్చువలైజేషన్‌లో అనుకరించే యంత్రం, అనుకరించబడే యంత్రం ఒకే జాతివి. ఆదేశాల్లో అత్యధిక భాగం నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి, వర్చువల్ యంత్రాలను నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన హైపర్‌వైజర్ అవసరమైన చోట మాత్రమే అడ్డుపడుతుంది. ఒక యంత్రం మరో యంత్రాన్ని అనుకరించగలదని అలాన్ ట్యూరింగ్ 1936లోనే కాగితం మీద నిరూపించాడు. ఆ తర్వాత మిగిలింది, దాన్ని పనికొచ్చే వేగంతో చేయగలమా, అంత అవసరం ఎవరికి అన్నదే.

ప్రోగ్రాముకే యంత్రం లొంగుతుందన్న ఈ వాదానికి మొదటి అభ్యంతరం వర్చువల్ మెషీన్ పుట్టుక దగ్గరే ఎదురవుతుంది. ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ బృందం 1964 చివర్లో మొదలుపెట్టిన సీపీ-40 పాత ప్రోగ్రాములను కాపాడటానికి పుట్టలేదు. ఒకే కంప్యూటరును అనేకమంది ఒకేసారి వాడుకునే టైమ్ షేరింగ్ దాని లక్ష్యం. ఎమ్ఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం 1961లోనే అలాంటి వ్యవస్థను నడిపి చూపింది. మరి క్రీసీ బృందం కూడా ఒక కొత్త టైమ్ షేరింగ్ ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకోకుండా, ఒక్కొక్కరికీ ఏకంగా ఒక బూటకపు 360 యంత్రాన్నే ఎందుకు ఇచ్చింది? సీపీ-40 ఒక్క యంత్రాన్ని 256 కిలోబైట్ల చొప్పున 14 యంత్రాలుగా చూపించేది. ఆ రోజుల్లో 360 చుట్టూ ఉన్న సాఫ్ట్‌వేర్ అంతా ఇంకా మారుతూనే ఉంది, ఓఎస్/360 ఆలస్యాలైతే జగమెరిగినవే. కదలకుండా ఉన్నది ఒక్క ఆదేశాల పట్టిక మాత్రమే. ఆ పట్టికను అనుకరిస్తే దాని మీద రాసినదీ రాయబోయేదీ అంతా నడుస్తుంది. ఐబీఎం అధికారికంగా డబ్బు పోసిన టీఎస్ఎస్/360 కొత్తగా రాసిన వ్యవస్థ. ఏళ్ల తరబడి తడబడి, 1971లో ఆగిపోయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోని కేంబ్రిడ్జ్ పద్ధతి మాత్రం సీపీ-67గా పెరిగి, 1972 ఆగస్టులో వీఎమ్/370 పేరుతో ఐబీఎం ఉత్పత్తిగా ప్రకటితమైంది. దాని కింద వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లను, ఒకే సిస్టమ్ పాత, కొత్త కూర్పులను పక్కపక్కన నడుపుకోవచ్చు. పుట్టింది టైమ్ షేరింగ్ కోసమే అయినా దాన్ని నిలబెట్టింది ఈ సౌకర్యమే.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ అనుభవాన్ని ఒక సిద్ధాంతంగా మార్చారు. యంత్రపు అసలు స్థితిని బయటపెట్టే లేదా మార్చే ప్రతి ఆదేశమూ, అధికారం లేని ప్రోగ్రాము దాన్ని వాడగానే హైపర్‌వైజర్ చేతికి చిక్కితే, ఆ యంత్రాన్ని సులువుగా వర్చువలైజ్ చేయవచ్చన్నది దాని సారాంశం. ఆ తర్వాత లోకాన్ని ఆక్రమించిన ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్లు ఈ షరతును పట్టించుకోలేదు. పెంటియం మీద 2000లో జరిపిన విశ్లేషణలో ఈ షరతు తప్పే ఆదేశాలు 17 తేలాయి. వాటిలో పాప్ఎఫ్ ఒకటి. అధికారం లేని ప్రోగ్రాము దానితో ఇంటరప్టులను ఆపబోతే ప్రాసెసర్ ఎదురు చెప్పదు, పట్టి ఇవ్వదు, ఆ కోరికను మింగేసి ముందుకు సాగిపోతుంది. ఇలాంటి యంత్రం మీద హైపర్‌వైజర్ గుడ్డిదవుతుంది. విచిత్రమేమిటంటే ఇదే ఇంటెల్ 1985లో 80386 చేసినప్పుడు, డాస్ ప్రోగ్రాములు కదలకుండా నడవడానికి వర్చువల్ 8086 పద్ధతిని ప్రాసెసర్‌లోనే పొందుపరచింది. పాత ప్రోగ్రాములు గట్టిగా పట్టుబట్టిన చోట యంత్రం వంగింది, ఎవరూ అడగని చోట వంగలేదు. 1994లో ఆపిల్ పవర్‌పీసీకి మారినప్పుడు కూడా అంతే. మాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే పెద్ద భాగం మోటరోలా 68000 కోడ్‌గా ఉండిపోయి, ఎమ్యులేటర్ మీద నడిచింది. సొంత కంపెనీ, సొంత కోడ్, అయినా తిరగరాయడానికి తీరిక చిక్కలేదు.

ఎక్స్86 గోడ బద్దలైన తీరు ఈ వాదానికి బలమైన సాక్ష్యం. 1997లో స్టాన్‌ఫోర్డ్‌లో ఎడ్వార్డ్ బున్యోన్, స్కాట్ డివైన్, మెండెల్ రోజెన్‌బ్లమ్ 'డిస్కో' అనే హైపర్‌వైజర్‌ను ప్రచురించారు. వాళ్ల ముందున్న సమస్య, అనేక ప్రాసెసర్లున్న పెద్ద యంత్రానికి సరిపోయేలా ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరగరాయడం ఏళ్ల పని కావడం. మామూలు ఆపరేటింగ్ సిస్టమ్‌ను దాదాపు ఉన్నదున్నట్టే ఉంచి, యంత్రాన్నే ముక్కలుగా చూపించడం వాళ్లు కనిపెట్టిన దారి. మరుసటి ఏడాది వాళ్లు డయాన్ గ్రీన్, ఎడ్వర్డ్ వాంగ్‌లతో కలిసి వీఎమ్‌వేర్ స్థాపించారు. 1999లో వచ్చిన వాళ్ల వర్క్‌స్టేషన్, వర్చువల్ మెషీన్ లోపలి (గెస్ట్) ఓఎస్ కెర్నెల్ కోడ్‌ను నడిచే క్షణంలోనే చదివి, దొంగ ఆదేశాలను పసిగట్టి, సురక్షితమైన వాటిగా మార్చి నడిపేది. 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జెన్ దీనికి ఎదురుదారి పట్టింది. గెస్ట్ ఓఎస్‌నే కొద్దిగా మార్చమంది. లినక్స్‌లో ఆ మార్పు తేలికే, వేగమూ బాగుంది. 2006లో మొదలైన అమెజాన్ ఈసీ2 తొలుత దాని మీదే నిలిచింది. కానీ విండోస్ మూలం మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంది, దాన్ని ఎవరు మారుస్తారు? ఇంటెల్ 2005 చివర్లో, ఏఎమ్‌డీ 2006లో వర్చువలైజేషన్‌కు ప్రాసెసర్‌లోనే ఏర్పాటు చేశాకే మార్చని విండోస్ జెన్ మీదకు ఎక్కగలిగింది. తొలితరం ఏర్పాటు సాఫ్ట్‌వేర్ పద్ధతి కన్నా తరచూ వెనకబడిందని వీఎమ్‌వేర్ ఇంజనీర్లు 2006లో చూపించారు. తమ సరుకును సమర్థించుకునే వ్యాసమే అయినా కొలతలు గట్టివే. అయినా పరిశ్రమ హార్డ్‌వేర్ దారినే పట్టింది. 2007లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన కేవీఎమ్ పూర్తిగా ఆ ఏర్పాటునే నమ్ముకుంది. వేగం కొంత తగ్గినా సరే, ప్రోగ్రామును ముట్టుకోనక్కర్లేని దారే గెలిచింది.

2000 దశకంలో కంపెనీలు వర్చువలైజేషన్ కొన్నది సర్వర్ల గదిలో కరెంటు ఖర్చు, స్థలం తగ్గించుకోవడానికే కదా అని ఒకరు అడగవచ్చు. నిజమే, బిల్లు మీద రాసుకున్న కారణం అదే. కానీ ఆ సర్వర్లు అంత ఖాళీగా ఎందుకు పడి ఉండేవి? ఒక అప్లికేషన్‌కు ఒక ఓఎస్ కూర్పు కావాలి, మరోదానికి ఇంకో లైబ్రరీ కావాలి, రెండింటినీ ఒకే చోట పెడితే ఒకటి మరోదాన్ని పడగొడుతుంది. అందుకని ఒక్కోదానికి ఒక్కో పెట్టె కొన్నారు. అప్లికేషన్లన్నీ సర్దుకుని బతకగలిగి ఉంటే, ఒకే యంత్రాన్ని పంచే పనికి 1960ల నాటి టైమ్ షేరింగ్ చాలేది. వృథా పుట్టిందే ప్రోగ్రాముల మొండితనం నుంచి.

నెట్‌వర్కుల విషయంలో కథ మరికొంత గజిబిజి. ఇంటర్నెట్ మొత్తాన్ని తెచ్చి ప్రయోగశాలలో పెట్టలేరు కాబట్టి మొదట్లో సిమ్యులేషనే గతి. 1980ల చివర్లో కేశవ్ అనే పరిశోధకుడు రాసిన 'రియల్' సిమ్యులేటర్ నుంచి ఎన్ఎస్, దాని నుంచి ఎన్ఎస్-2 వచ్చి, టీసీపీ రద్దీ నియంత్రణ మీద వచ్చిన ఎన్నో పరిశోధనలకు ఆధారమయ్యాయి. అయితే అక్కడ నడిచేది నిజమైన టీసీపీ కోడ్ కాదు, దాని నమూనా. నమూనాలో మన ఊహే దాక్కుని ఉంటుంది. 1990ల తొలినాళ్లలో బెల్‌కోర్ పరిశోధకులు అసలు ఈథర్‌నెట్ రద్దీని కొలిచి చూస్తే, అది అప్పటిదాకా అందరూ వాడుతున్న పాయిసాన్ సంభావ్యతా లెక్కలకు లొంగలేదు. ఇంటర్నెట్‌ను సిమ్యులేట్ చేయడం ఎందుకంత కష్టమో శాలీ ఫ్లాయిడ్, వెర్న్ పాక్సన్ 2001లో వివరంగా రాశారు. ఇలాంటి ఇబ్బందుల వల్లే పరిశోధకులు అప్పటికే ప్రోగ్రామును ఉన్నదున్నట్టు ఉంచి, చుట్టూ ఉన్న తీగలను మాత్రమే అనుకరించే వైపు మళ్లారు. లుయీజీ రిజ్జో 1997లో ఫ్రీబీఎస్‌డీలో పెట్టిన డమ్మీనెట్ నిజమైన ప్యాకెట్లను ఆలస్యం చేసి, కొన్నింటిని జారవిడిచి, దూరాన్ని సృష్టించేది. యూటా విశ్వవిద్యాలయం ఎమ్యులాబ్ ఆ పనిని వందల యంత్రాలకు పెంచింది. 2010లో వచ్చిన మినీనెట్ ఒక్క ల్యాప్‌టాప్‌లో నిజమైన లినక్స్ నెట్‌వర్క్ కోడ్‌తో పదుల, వందల హోస్టులను లేపి చూపించింది. క్రిస్టోఫ్ ఫియో 2005లో రాసిన డైనమిప్స్ సిస్కో రౌటర్ల అసలు సాఫ్ట్‌వేర్‌నే పీసీ మీద నడిపింది. హైదరాబాద్ అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సులు చేసినవాళ్లలో చాలామందికి మొదటి రౌటర్ పరిచయమైంది ఇలా తెర మీదే.

డేటా సెంటర్లలో ఇదే ఒత్తిడి మరో రూపంలో వచ్చింది. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు తరలించడం 2003 కల్లా వీలైంది. కానీ లోపలి ప్రోగ్రాముకు తాను కదిలిన సంగతి తెలియకూడదు, ఐపీ చిరునామా మారకూడదు. అంటే యంత్రం గురించి చెప్పిన అబద్ధాన్ని నెట్‌వర్క్ కూడా మోయాలి. 1998 నాటి వీలాన్ ప్రమాణంలో 4,094 వేర్వేరు నెట్‌వర్కులకే చోటుంది. 2014లో ప్రచురించిన వీఎక్స్‌లాన్ 24 బిట్ల గుర్తింపుతో దాన్ని కోటీ అరవై లక్షల పైకి పెంచింది. దేని కోసం? ఎప్పుడో రాసిన ప్రోగ్రాము తాను ఒకే ఈథర్‌నెట్ తీగ మీద ఉన్నానని నమ్ముతూనే ఉండటం కోసం.

కంటెయినర్లు ఈ వాదాన్ని తలకిందులు చేస్తాయని అనిపించవచ్చు. 2013లో డాకర్‌తో జనంలోకి వచ్చిన కంటెయినర్ ఏ యంత్రాన్నీ అనుకరించదు, అన్నీ ఒకే లినక్స్ కెర్నెల్‌ను పంచుకుంటాయి. కానీ అది పట్టుకున్న కొస మాత్రం పాతదే. లినక్స్ సిస్టమ్ కాల్స్ మారవు, పాత ప్రోగ్రాములను విరగ్గొట్టే మార్పును లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ ఒప్పుకోడు. క్రీసీ బృందానికి 360 ఆదేశాల పట్టిక ఎలాంటిదో డాకర్‌కు ఈ సిస్టమ్ కాల్స్ అలాంటివి. ఆ పట్టికను బయటినుంచి అనుకరించడం ఎంత కష్టమో మైక్రోసాఫ్ట్‌కు తెలిసొచ్చింది. 2016లో విండోస్ మీద లినక్స్ ప్రోగ్రాములను నడపడానికి సిస్టమ్ కాల్స్‌ను తానే అనువదించబోయి, 2019లో ఆ ప్రయత్నం పక్కనపెట్టి, వర్చువల్ మెషీన్‌లో అసలు లినక్స్ కెర్నెల్‌నే పెట్టింది.

ఇంత లొంగుబాటుకు ఖర్చు లేకపోలేదు, దాన్ని తక్కువ చేసి చూపడం సరికాదు. 2015 మేలో వెనమ్ అనే లోపం బయటపడింది. ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన క్యూఈఎమ్‌యూ ఎమ్యులేటర్‌లో 2004లో చేరిన ఫ్లాపీ డిస్క్ కోడ్ ద్వారా, వర్చువల్ మెషీన్‌లో ఉన్నవాడు బయటి యంత్రంలోకి చొరబడే వీలుందని తేలింది. ఫ్లాపీలు అప్పటికే మూలన పడ్డాయి. ఆ కోడ్‌ను మాత్రం ఎన్నో క్లౌడ్ సర్వర్లు మోస్తూనే ఉన్నాయి. 2018లో ఇంటెల్ ప్రాసెసర్లలో బయటపడ్డ ఫోర్‌షాడో లోపం, ఒక వర్చువల్ మెషీన్ పక్కదాని డేటాను క్యాష్ నుంచి చదవగలదని చూపింది. పాతదాన్ని మోయడానికి పెట్టిన ప్రతి పొరా దాడికి ఒక తలుపు కాగలదు. ఈ విమర్శ గట్టిది, దానికి తిరుగులేని జవాబు నాకు కనిపించదు. తిరగరాయడం కన్నా ఈ ప్రమాదమే చవక అని పరిశ్రమ లెక్కవేసుకుంది, అంతే. ఆ బరువు దించుకోవాలని గట్టిగా చూసినవాళ్లూ ఉన్నారు. అమెజాన్ 2018లో విడుదల చేసిన ఫైర్‌క్రాకర్ హైపర్‌వైజర్ ఫ్లాపీ, వీడియో వంటి పాత పరికరాలన్నిటినీ తీసిపారేసి, నెట్‌వర్క్, డిస్క్ లాంటి నాలుగైదు పరికరాలతో సరిపెట్టుకుంది. ఆ నాలుగైదింటిలో ఒకటి, 1984 నాటి ఐబీఎం పీసీ/ఏటీలో ఉన్న రకం కీబోర్డు కంట్రోలర్. వర్చువల్ మెషీన్‌ను ఆపడం తప్ప దానికి వేరే పని లేదు.